సోమవారానికి ఓర్వని ఎరువు బండి

ఈ సంగతి ఇంతకాలం రాయలేకపోవడానికి చదువు రాకపోవడం సగం కారణం మాత్రమే. నాకు అక్షరాలు వచ్చింది అరవై రెండో ఏట. ఎమ్మిగనూరులో మా వీధి చివర పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి పెట్టారు. పలక పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లలో నాకంటే పెద్దది ఒక్కతే ఉండేది, ఆమె మూడో రోజుకే మానేసింది. నేను మానలేదు. ఏడాది తిరిగేసరికి బస్సుల మీద ఊరి పేర్లు చదివాను. ఇంకో ఏడాదికి ఉత్తరాలు చదివాను, ఆ తర్వాత పేపరు. రాయడం అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. నా చెయ్యి గొర్రుకు అలవాటైనంత తొందరగా పెన్నుకు అలవాటు కాలేదు.

మిగతా సగం కారణం మా వదిన. ఆమె మా ఆయనకు అక్క, చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉండేది. ఆమెకు చదువు రాదు. కానీ నేను ఏది రాసినా పైకి చదివి వినిపించాల్సిందే. "ఏం గీకినావో సదువు," అని మంచం మీద నుంచి అడిగేది. ఒక ముక్క దాటేసి చదివితే పట్టుకునేది. "ఆడ ఆగినావే. ఏం మింగినావు?" అనేది. ఆమె పక్కన ఉండగా ఈ సంగతి రాయడం నా వల్ల కాలేదు. పోయిన చలికాలంలో ఆమె వెళ్లిపోయింది. ఇప్పుడు నన్ను చదవమని అడిగేవాళ్లు లేరు కాబట్టి రాస్తున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. తుంగభద్ర కాలువ మా వైపుకు వస్తుందని, నీళ్లు వస్తే ఫ్యాక్టరీలో చేసే సీమ ఎరువు లేకుండా పంటే పండదని ఊళ్లలో చెప్పుకునేవాళ్లు. కాలువ ఇంకా రాలేదు గానీ ఎరువు ముందే వచ్చేసింది. ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు పోయే దారిలో, ఆదోనికి నాలుగైదు మైళ్ల దూరంలో, పత్తి వ్యాపారం చేసే ఒక సావుకారికి చేను ఉండేది. తోట అని పిలిచేవాళ్లం గానీ అక్కడ తోట ఏమీ లేదు. నల్లరేగడి నేల, ఒక దిగుడు బావి, ఎద్దుల కొట్టం, అంతే. దాని పక్కనే ఉండే అప్పటి మా పల్లె నుంచి ఆడవాళ్లం ఆరుగురం విత్తనాల కాలంలో ఆ చేనికి పోయేవాళ్లం. మా గుంపుకు పెద్ద మా వదినే, అప్పట్లో ఆమెది మా పక్కిల్లు.

మీలో చాలామంది ట్రాక్టరు వెనక కట్టిన డబ్బా గుండ్రంగా తిరుగుతూ ఎరువు చిమ్మడమే చూసి ఉంటారు. మా రోజుల్లో ఆ పని మా చేతులు చేసేవి. విత్తనం వేసే గొర్రు మీద జడ్డిగం అనే చెక్క గిన్నె ఉంటుంది. దాని అడుగున కన్నాలు, ఆ కన్నాలకు వెదురు గొట్టాలు. ఒకామె గొర్రు వెంట నడుస్తూ గుప్పిట్లోంచి విత్తనాలను ఆ గిన్నెలోకి జారవిడుస్తుంది. సీమ ఎరువు వచ్చాక గొర్రు వెనక ఇంకో గొట్టం కట్టారు. ఇంకొకామె దాన్ని పట్టుకుని నడుస్తూ, ఒడిలోంచి ఎరువు తీసి అందులో వేసేది. ఎద్దులు ఎంత వేగంగా నడిస్తే మనమూ అంతే నడవాలి, వేళ్ల సందుల్లోంచి ఎరువూ అంతే జారాలి. ఎక్కువ పడిన చోట మొలక మాడిపోతుంది, తక్కువ పడిన చోట పాలిపోతుంది. పైరు మోకాలెత్తు వచ్చాక సాలు చూసి, ఇది ఫలానా ఆమె నడిచిన సాలు అని చెప్పేవాళ్లు ఉండేవాళ్లు.

ఆ ఎరువు తెల్లగా, సన్న ఉప్పులా ఉండేది. చెమటకు కరిగి వేళ్ల సందుల్లో పుండ్లు చేసేది. ఒడి కట్టుకున్న చోట నడుము మండేది. మా వదిన చేతులు మరీ సున్నితం. విత్తనాల కాలం ముగిసేసరికి జొన్నపిండి పిసకలేకపోయేది, రొట్టెలన్నీ నేనే తట్టేదాన్ని. అయినా ఏడాదంతా ఆ పని కోసమే ఎదురుచూసేవాళ్లం. ఆ ఇరవై, ఇరవై అయిదు రోజులకు కూలిగా కొలిచే జొన్నలతోనే మా ఇళ్లలో చలికాలం దాకా పొయ్యి వెలిగేది.

చేని పనులన్నీ చూసేది మేస్త్రీ. నలభై అయిదేళ్ల మనిషి, పెళ్లాం చనిపోయి చాలా ఏళ్లయింది. కొట్టంలోనే పడుకునేవాడు. మనుషులతో మాట తక్కువ. ఎద్దులతో మాత్రం ఎడతెగకుండా మాట్లాడేవాడు. "అన్నా, అవి ఏమంటాయి నీతో?" అని మేము ఎగతాళి చేస్తే, "మీకంటే తక్కువే వాగుతాయిలే," అనేవాడు.

ఆ ఏడు విత్తనాలకు ముందు, సావుకారి ఎక్కడో ప్రదర్శనలో చూసి మనసుపడ్డ ఎరువు బండి చేనికి వచ్చింది. ఆదోని బజారులో ఇంజన్ సామాన్లు అమ్మే సాయిబుగారు దాన్ని ఎద్దుల బండి మీద తెచ్చి దింపించాడు. రెండు ఇనప చక్రాల మధ్య పొడుగాటి ఇనప పెట్టె, పైన మూత. పెట్టె అడుగున వరసగా కంతలు. లోపల పండ్లున్న చిన్న చక్రాలు తిరుగుతూ ఎరువును ఆ కంతల్లోకి తోస్తాయి. పక్కన ఒక పిడి ఉంటుంది. దాన్ని జరిపితే కంతలు పెద్దవవుతాయి, చిన్నవవుతాయి, మూసుకుపోతాయి. రెండెద్దులు లాగితే చాలు. ఎరువు వెయ్యడానికి వెనక ఆడమనిషి అక్కర్లేదు.

మేమంతా చుట్టూ చేరి చూశాం.

"ఏందే ఇది, ఉయ్యాల తొట్టెకు చక్రాలు పెట్టినట్టుంది," అంది మాలో ఒకామె.

"తొట్టె గాదు లేమ్మే. మన నోటి కాడి బువ్వ గుంజుకునే దొరసాని," అంది మా వదిన.

అప్పటి నుంచి దాని పేరు దొరసాని.

సావుకారి తొందరపడే మనిషి కాదు. ఈ విత్తనాల కాలమంతా వాడి చూసి, బాగుంటే దీన్నీ ఉంచుకుంటాను, ఇంకో రెండూ తెప్పిస్తాను, బాగాలేకపోతే వాపసు పంపుతాను అని సాయిబుగారితో ఒప్పందం చేసుకున్నాడు. మొదటి రోజే పరీక్ష పెట్టాడు. తన మిల్లు నుంచి పత్తి బేళ్లకు చుట్టే గోనెపట్టలు తెప్పించి చేనిలో రెండు బారులుగా పరిపించాడు. ఒక బారు మీద మా వదినను గొర్రు వెనక నడవమన్నాడు. రెండో బారు మీద దొరసానిని నడిపించాడు. ఎరువు ఎలా పడిందో పట్ట మీద కళ్లకు కనిపిస్తుంది కదా.

మా వదిన నడిచిన పట్ట మీద ఎరువు సన్నగా, తెగకుండా, దారం పరిచినట్టు పడింది. దొరసాని నడిచిన పట్ట మీద కూడా బాగానే పడింది గానీ ఒకచోట రెండు మూరల దూరం ఉత్తగా ఉంది. మలుపు తిరిగిన చోట కుప్ప పడింది. మా వాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

"దొరసానికి మలుపు తిరగడం రాదు సామీ! ఎవురైనా నేర్పియ్యాల," అంది వదిన.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉండాల్సింది. ఉండలేకపోయాను. "గడ్డలు అడ్డం పడి ఆడ ఆగింది సామీ. జల్లించి పోస్తే ఆగదు. మలుపుకు వచ్చినప్పుడు ఆ పిడి మూస్తే కుప్ప పడదు," అన్నాను.

నాకు తోచింది చెప్పానంతే. ఇన్నేళ్లు చేత్తో చేసిన పనే కదా అది. మలుపు వచ్చినప్పుడు గుప్పిట మూస్తాం. గడ్డ తగిలితే నలిపేస్తాం. సావుకారి చేతికర్ర మీద వాలి నన్ను కాసేపు చూశాడు. "రేపట్నుంచి బండి బాగోగులు ఈమెవి," అన్నాడు.

ఇంటికి పోయే దారిలో వదిన ఒక్క మాటే అంది. "ఊరకుండలేదే నీ నోరు?"

మరునాడు సాయిబుగారు నన్ను కూర్చోబెట్టి అన్నీ చెప్పాడు. మేస్త్రీ అప్పుడు ఎద్దులకు నీళ్లు పెట్టడానికి బావి దగ్గరికి పోయాడు. అసలు ఆ ఇనుము మీద ఆయనకు ఆసక్తి లేదు.

"చూడమ్మా. ఇది చూస్తే ఉప్పు మాదిరి ఉంటాది, కానీ గాలిలో ఉన్న తేమంతా తాగుతాది. తాగితే రాయైపోతాది, ఇనుమునీ తింటాది. అందుకని పొద్దు గూకేలోపల పెట్టె ఖాళీ చెయ్యాల. ఒక్క గింజ గూడా ఉండగూడదు. చీపురుతో ఊడ్చు, పొడిగుడ్డతో తుడువు, నూనె పుయ్యి. రోజూ. ఒక్కరోజు తప్పినావా, ఈ పండ్ల చక్రాలు పోత ఇనుము, బల్లున పగుల్తాయి. అర్థమాయెనా?"

అర్థమైంది. నాకు బాగా అర్థమైంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత ఏ సాకుతోనూ తప్పించుకోకుండా ఉండటానికే రాస్తున్నాను.

నాలుగు రోజులు ఆ బండిని నేను కన్నబిడ్డలా చూసుకున్నాను. పొద్దున్నే ఎరువును కట్టె సుత్తితో కొట్టి, నులకమంచం మీద గుడ్డ పరిచి జల్లించేదాన్ని. పని అయ్యాక పెట్టె బోర్లించి ఊడ్చి, ఆముదం గుడ్డతో కంత కంతా తుడిచేదాన్ని. అది నడుస్తుంటే టకటకమని శబ్దం వచ్చేది. ఆ శబ్దాన్ని బట్టి ఎరువు ఎంత మిగిలిందో చెప్పగలిగేదాన్ని. పెట్టె నిండుగా ఉంటే శబ్దం మందంగా, ఖాళీ అవుతుంటే గలగలమని వచ్చేది. విత్తనాల కాలంలో నా వేళ్లు మండకపోవడం అదే మొదటిసారి. దాని మీద నాకు ప్రేమ పుట్టిందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు. అప్పుడు ఉండేది.

ఎందుకంటే మూడో రోజుకే మా వాళ్లను చాలించారు. విత్తనం వేసే ఒక్కామెను ఉంచుకుని, వదినతో సహా నలుగురిని "పిలిస్తే రాండి" అని ఇళ్లకు పంపారు. నేను రోజూ చేని నుంచి కూలి జొన్నలు మోసుకుని వస్తుంటే వాళ్లు గడపల్లో కూర్చుని చూసేవాళ్లు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. వదిన మాత్రం రొట్టె నా ముందుకు తోసి, "తిను. ఇనుము కడుపు నింపుతాండాది గదా నీకు," అనేది. ఆమె ఇద్దరు బిడ్డలు నా మూట వైపు చూసేవాళ్లు. అందులోంచి ఇద్దామని కొలిస్తే వదిన తీసుకోలేదు. "నా చేతులు పడిపోలేదు లే," అంది.

శనివారం సావుకారి వచ్చి, మంగళవారం ఆస్పరి నుంచి, ఎమ్మిగనూరు నుంచి రైతులు బండిని చూడటానికి వస్తారని చెప్పాడు. వాళ్ల ముందు బాగా నడిస్తే ఇంకో రెండింటికి మాట ఇచ్చేస్తాడు. అంటే వచ్చే ఏడాది నుంచి మా ఆరుగురిలో ఎవరికీ ఆ చేనిలో ఎరువు పని ఉండదు.

ఆదివారం సాయంత్రం పడమట హొళగుంద వైపు నుంచి మబ్బు లేచింది. బండి దూరపు మడిలో ఉంది. పెట్టెలో సగానికి ఎరువు ఉంది. మేస్త్రీ కాడి విప్పి ఎద్దులను కొట్టం వైపు మళ్లించాడు. నేను వెనక నుంచి అడిగాను.

"అన్నా, బండి ఈడనే ఉండ్లా?"

"రేపు సోమారం గదా. ఎద్దుల్ని కట్టం. మంగళారం ఎట్లా ఈ సాలు కాణ్నుంచే మొదలు. ఉండ్లే," అన్నాడు.

నేను బండి గురించి అడిగాను. బండిలో ఉన్నదాని గురించి అడగలేదు. ఆయనకు అది తెలియదు. నాకు తెలుసు. చీపురు నా చేతిలోనే ఉంది. ఖాళీ గోనెసంచులు గట్టు మీద ఉన్నాయి. అప్పుడే వదిన గడ్డిమోపుతో ఆ పక్కగా పోతూ, "వాన తరుముతాంది, రామ్మే," అని కేకేసింది. ఆమెకు బండి సంగతి ఏమీ తెలియదు. నేను తడవకుండా ఇంటికి రావాలన్నదే ఆమె ఆత్రం. ఐదు రోజుల తర్వాత ఆమె నన్ను అలా పిలవడం అదే మొదలు.

నేను ఒక గోనెసంచి తీసి బండి మూత మీద కప్పాను. చూసినవాళ్లు జాగ్రత్త చేశాననుకోవాలి. కప్పి, గడ్డిమోపు ఒక చివర పట్టుకుని వదినతో పాటు నడిచాను. దారిలోనే చినుకులు మొదలయ్యాయి.

మా వైపు సోమవారం ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. అది బసవన్న వారం. వాన పదును ఆరిపోతున్నా సరే, విత్తనం మిగిలిపోయినా సరే, ఆ రోజు ఎద్దుకు సెలవు. మేస్త్రీ ఆ రోజు వాటిని కడిగి, కొమ్ములకు పసుపు రాసి, నానబెట్టిన ఉలవలు పెట్టేవాడు. చేనిలో ఎవరూ కాలు పెట్టేవాళ్లు కాదు. నేను మధ్యాహ్నం బావి దాకా పోయాను. అక్కడి నుంచి దూరపు మడిలో బండి కనిపించింది. గోనెసంచి తడిసి నల్లగా అయింది. నీళ్లను పట్టి ఉంచి, మూత సందుల్లోంచి లోపలికి కారుస్తూ ఉంటుంది. సోమవారం కదా అని నాకు నేనే చెప్పుకుని వెనక్కి తిరిగాను. సోమవారం ఎద్దులకు సెలవు, చీపురుకు కాదు. ఆ సంగతి నాకు ఆ బావిగట్టు మీదే తెలుసు.

మంగళవారం ఎండ బాగా వచ్చింది. రెండు జట్కాల్లో రైతులు దిగారు. ఎనిమిది తొమ్మిది మంది, కొత్త తలగుడ్డలు చుట్టుకుని పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. సావుకారి ముందు నడిచాడు, సాయిబుగారు పక్కన. మేస్త్రీ కొమ్ములకు పసుపు ఇంకా ఆరని ఎద్దులను కట్టాడు. నేను సంచి తీశాను. మూత రాలేదు. మేస్త్రీ గునపంతో ఎత్తితే పెకిలింది. లోపల ఎరువంతా ఒకటే తెల్లబండ.

"ఏం గాదు, కదిలిస్తే విరిగి పడతాదిలే," అని మేస్త్రీ ఎద్దులను అదిలించాడు. సాయిబుగారు "ఆగు, ఆగు!" అని చెయ్యెత్తేలోపల అవి బలంగా లాగాయి. లోపల టప్పుమని శబ్దం వచ్చింది. ఇంకొకటి, ఇంకొకటి. పండ్ల చక్రాలు మూడు విరిగాయి. ఒక పక్క చక్రం బిగుసుకుపోయి బండి అడ్డం తిరిగింది. ఎర్ర ఎద్దు మోకాళ్ల మీద పడి లేచింది.

ఆస్పరి నుంచి వచ్చిన ఒక ముసలి రైతు వంగి పెట్టెలోకి చూసి, వేలితో తట్టి, "ఇదేంది సావుకారీ, ఇల్లు కట్టుకోవచ్చు దీనితో," అన్నాడు.

"వానకు తడిసింది. నిన్న సోమారం, తీసుండరు," అన్నాడు సాయిబుగారు నెమ్మదిగా.

"మనకు వారానికొక సోమారం ఉందప్పా," అన్నాడు ముసలాయన. "సోమారానికి ఓర్వని బండి మనకెందుకు? మా ఆడోళ్లు శుక్రారం గూడా పని చేస్తారు."

అందరూ ఘొల్లుమని నవ్వారు. సావుకారి మొహం కందిపోయింది. ఆయనకు బండి విరిగినందుకు కాదు, నలుగురూ నవ్వినందుకు కోపం.

"పెట్టెలో ఎరువు తియ్యకుండా వదిలింది ఎవురు?"

నేను చేతిలో ఉన్న గోనెసంచిని మడతపెట్టసాగాను. మేస్త్రీ ఎద్దు మోకాలు తుడుస్తున్నవాడు లేచి నిలబడ్డాడు.

"నేనే సామీ. సోమారం గదా, ఈడ్నే ఉండ్లే అని నేనే అంటి."

"ఇన్నేండ్లు ఎద్దుల ఎనకాల తిరిగి నీకు ఎద్దు బుద్ధే వచ్చింది. ఇంగ చాలు. రేపు పగ్గాలు ఇంకొకని చేతికిచ్చి పో," అన్నాడు సావుకారి. తర్వాత సాయిబుగారి వైపు తిరిగి, గురువారం వచ్చి బండిని ఎత్తుకుపొమ్మన్నాడు. నా వైపు తిరిగి, "పొయ్యి మీ ఆడోళ్లను పిలుచుకో. రేపట్నుంచి గొర్రే," అన్నాడు. సాయిబుగారు పోయేముందు నన్ను ఒకసారి చూశాడు.

అందరూ పోయాక నేను కొట్టం దగ్గరికి పోయాను. మేస్త్రీ ఎద్దుల మధ్య కూర్చుని ఉన్నాడు. పక్కన కొత్తగా వచ్చే సేద్యగాడు నిలబడి ఉన్నాడు. వాడికి చెబుతున్నాడు.

"ఎర్రదానికి ముందర నీళ్లు పెట్టాల. ఇంకొకటి మూతి పెట్టిన తొట్లో అది తాగదు. దప్పికతో సచ్చినా తాగదు. మచ్చలదానికి ఎడమ చెవు కాడ చెయ్యి పెట్టొద్దు, చిన్నప్పుడు పురుగు పడింది ఆడ. కొట్టాల్సిన పని లేదు రెండిట్నీ. మాట సెప్తే ఇంటాయి."

వాడు పోయాక నేను, "అన్నా, ఎందుకు నీ మీద ఏసుకొంటివి?" అన్నాను.

"ఏసుకునేదేముంది మ్మే? అన్నది నేనే గదా. నువ్వు అడిగితివి, నేను ఉండ్లే అంటిని," అన్నాడు. "ఉప్పు తడిస్తే కరుగుతాది గానీ రాయి అవుతాదని ఎవునికి తెలుసు?"

నన్ను కాపాడటానికి అబద్ధం చెప్పాడనే నేను అంతదాకా అనుకున్నాను. అలా అయినా కొంత బాగుండేది. ఆయన నిజంగానే తప్పు తనదనుకుంటున్నాడు.

"యాడికి పోతావు?"

"యాడికో. సూడాల," అని ఎర్రదాని గంగడోలు నిమిరాడు. "ఇవి నా మాటకు అలవాటు పడినాయి. అదే యోచన."

ఆ సాయంత్రం మా వీధిలో సందడి. వదిన ఉలవ గుగ్గిళ్లు ఉడకేసి అందరికీ పంచింది. నా తల దగ్గరికి లాక్కుని చిక్కు తీసింది. "దొరసాని పీడ పోయింది. రేపు నా పక్క సాలు నీదేమ్మే," అంది. ఆమె బిడ్డలు గుగ్గిళ్లు నములుతూ నా ఒళ్లో చేరారు. నా వాటా గుగ్గిళ్లు కూడా వాళ్లకే పెట్టేశాను.

మేస్త్రీని నిలబెట్టాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే బండికి అంటిన మచ్చ కూడా పోతుంది. సోమవారం అడ్డం కాదని, బండి మంచిదేనని సావుకారికి తెలిసిపోతుంది. అప్పుడు వదిన పక్క సాలూ ఉండదు, వదిన సాలూ ఉండదు.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, నేను ఈ సంగతి ముగించాలనుకున్న చోటు అది కాదు. సావుకారి విరిగిన చక్రాలు మార్పించి బండిని ఉంచుకున్నాడు. మరుసటి ఏడు ఇంకో రెండు తెప్పించాడు. మేస్త్రీ మోకాళ్లు అరిగిపోయి మంచాన పడేదాకా ఆ కొట్టంలోనే ఉన్నాడు. మా వాళ్లకు ఆ చేనిలో ఎరువు పని మళ్లీ రాలేదు. వదిన బిడ్డలను వెంటబెట్టుకుని కాలువ పనికి మన్ను మోయడానికి పోయింది. ఆ ఏడు వాళ్లు పడ్డ కష్టం నేను దూరం నుంచే విన్నాను. నన్ను సావుకారి చేనికి పిలవలేదు. ఎమ్మిగనూరులో మగ్గాలవాళ్ల ఇంట్లో కండెలు చుట్టే పనికి కుదిరి, అక్కడే స్థిరపడ్డాను. ఎండలో పని ఇష్టం లేక గుంపును వదిలి నీడకు పోయానని వదిన బతికినన్నాళ్లూ నన్ను దెప్పింది. "నీడపట్టు మనిషి" అని పిలిచేది. ఒక్కోసారి తన అరచేతులు చూసుకుని, "మన్ను మోసినా చేతులైతే మానినాయి," అని కూడా అనేది. ఆ మాట విన్నప్పుడు చెప్పేద్దామనుకునేదాన్ని. ఆమె బిడ్డల పేరు ఎత్తగానే మానుకునేదాన్ని. నలభై ఏళ్లకు పైగా అలాగే గడిచింది.

మీరు ఏ ఆఫీసులోనో, ఏ మిల్లులోనో పని చేస్తూ ఉంటారు. మంచి మిషను ఏది అని నన్ను అడిగితే నాకు తెలియదు. దాన్ని రోజూ తుడవాల్సిన మనిషికి దాని వల్ల ఏం పోతుందో మాత్రం కొనే ముందు కనుక్కోండి. సావుకారి గోనెపట్టలు పరిచి అన్నీ చూశాడు, అది ఒక్కటే చూడలేదు.

ఇక ఆ మరునాటి ఉదయం. బుధవారం. వదిన, మిగతావాళ్లు ఒడులు కట్టుకుని చేనికి బయలుదేరారు. ఆదోనిలో పని ఉంది, వెనక వస్తానని చెప్పి నేను రెండో వైపు నడిచాను. సావుకారి పత్తి మిల్లుకు చేరేసరికి అప్పుడే ఇంజను తిప్పుతున్నారు. ఆవరణంతా దూది పింజలు ఎగురుతున్నాయి. ఆయన అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"ఏం వచ్చినావు? పని లేదా ఆడ?"

"బండిది తప్పు లేదు సామీ. మేస్త్రీ అన్న తప్పు గూడా లేదు."

"మరెవురిది?"

"నాది. రోజూ ఖాళీ చెయ్యాలని సాయిబు నాకొక్కదానికే సెప్పినాడు. అన్న అప్పుడు బాయి కాడ ఉండె. ఆయప్పకు తెలీదు. నాకు తెలుసు. నేను సెయ్యలా."

"మరిచిపోయినావా?"

"మరిచిపోయింటే ఇంత దూరం నడిచి రాను సామీ."

ఆయన లోటా కింద పెట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. వ్యాపారం చేసే మనిషి, ఆయన యోచన అప్పటికే వేరే దారిలో పోతోంది.

"ఖాళీ చెయ్యడానికి ఎంతసేపు పడతాది?"

"రెండు రొట్టెలు కాల్చినంతసేపు."

"సోమారం సెయ్యొచ్చునా?"

వదిన, మిగతావాళ్లు ఆ వేళకు చేను చేరి మొదటి సాలు ఎత్తి ఉంటారు. నేను "సెయ్యగూడదు" అని ఉంటే ఆయన నమ్మేవాడు. మేస్త్రీకి తెలియదని చెప్పడం వరకు నాకు చాలు కదా అని కూడా అనిపించింది.

"ఏ వారమైనా సెయ్యొచ్చు సామీ," అన్నాను. "దానికి ఎద్దులతో పని లేదు."

ఆయన తల పంకించి గుమాస్తాను పిలిచాడు. చేనికి పోయి మేస్త్రీని పగ్గాలు ఎవరికీ ఇవ్వవద్దని చెప్పమన్నాడు. నేను మిల్లు గేటు పక్కన నిలబడ్డాను. గుమాస్తా సైకిలు ఎక్కి ఎమ్మిగనూరు రోడ్డు మీదికి తిరిగి, కనుమరుగయ్యేదాకా చూసి, ఆ తర్వాత అక్కడి నుంచి కదిలాను.